సర్వర్ సైడ్ ట్యాగింగ్‌కు మారని అవుట్‌గోయింగ్ ఐపీ ఎలా పెట్టుకోవాలి?

మీ పరిస్థితి ఇదీ అనుకుంటున్నాను: సైట్ డేటాను బ్రౌజర్‌కు బదులు సర్వర్ నుంచి బయటికి పంపే గూగుల్ ట్యాగ్ మేనేజర్ సర్వర్ కంటైనర్, గూగుల్ క్లౌడ్ సర్వీసైన క్లౌడ్ రన్‌లో నడుస్తోంది. అక్కడి నుంచి ఆర్డర్ వివరాలు క్లయింట్ సీఆర్ఎంకు (కస్టమర్ల వివరాలుండే సిస్టమ్‌కు) వెళ్లాలి. వాళ్ల ఫైర్‌వాల్ ముందే రాసుకున్న ఐపీలను తప్ప దేన్నీ రానివ్వదు. మీరు లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే రిక్వెస్టులను సర్వర్లకు పంచేది) ఐపీ ఇచ్చారు, అయినా 403 (అనుమతి లేదనే ఎర్రర్) వస్తోంది.

రాక మానదు. వీధి గుమ్మం నంబరు వాళ్లకిచ్చి మీరు పెరటి గుమ్మంలోంచి వెళ్తున్నారు. లోడ్ బ్యాలెన్సర్ ఐపీ లోపలికి వచ్చే ట్రాఫిక్‌కే. బయటికి వెళ్లే రిక్వెస్టులకు గూగుల్ తన ఉమ్మడి ఐపీల్లోంచి ఏదో ఒకటి వాడుతుంది, అది ఎప్పుడైనా మారొచ్చు. ఆ రేంజ్ మొత్తాన్నీ తెరవమని క్లయింట్‌ను అడగకండి. సెక్యూరిటీ టీమ్ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

ఒక రిటైల్ క్లయింట్‌కు మేం పెట్టిన సెటప్ చెబుతాను. సర్వీస్ ముంబై రీజియన్‌లో ఉంది కాబట్టి సబ్‌నెట్ (వీపీసీ, అంటే మన ప్రైవేట్ నెట్‌వర్క్‌లో ఒక భాగం), క్లౌడ్ రౌటర్, క్లౌడ్ నాట్ (బయటికి వెళ్లే రిక్వెస్టులకు మనం ఇచ్చిన ఐపీ తగిలించేది), రిజర్వ్ చేసిన ఐపీ అన్నీ అదే రీజియన్‌లో పెట్టాం. రేపు ఢిల్లీ రీజియన్‌లో రెండో సర్వీస్ తెరిస్తే దానికి ఇవన్నీ మళ్లీ కావాలి. క్లౌడ్ రన్‌ను సబ్‌నెట్‌కు డైరెక్ట్ వీపీసీ ఈగ్రెస్‌తో (మధ్యలో కనెక్టర్ లేకుండా నేరుగా వీపీసీలోకి పంపే పద్ధతితో) కలిపాం. దానికి సబ్‌నెట్ కనీసం /26 (64 అడ్రస్‌ల సైజు) ఉండాలి. పాత గైడ్లలో కనిపించే సర్వర్‌లెస్ వీపీసీ కనెక్టర్‌తోనూ పని జరుగుతుంది కానీ, ట్రాఫిక్ ఉన్నా లేకపోయినా దాని వెనుక కనీసం రెండు మెషీన్లు నడుస్తూ బిల్లు వేస్తుంటాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అది దండగ.

నాట్ గేట్‌వేలో ఐపీ కేటాయింపును ఆటోమేటిక్‌గా వదలకండి. మాన్యువల్ ఎంచుకుని మీరు రిజర్వ్ చేసినదే ఇవ్వండి. ఆటోమేటిక్‌లో ఐపీ మారిపోవచ్చు, అప్పుడు ఇంత శ్రమా వృథా.

ఎక్కువమంది ఆగిపోయేది క్లౌడ్ రన్ నెట్‌వర్కింగ్ సెట్టింగులో. అక్కడ డిఫాల్ట్‌గా ప్రైవేట్ ఐపీలకు వెళ్లే రిక్వెస్టులే వీపీసీలోకి వస్తాయి. సీఆర్ఎం ఉన్నది ఇంటర్నెట్‌లో కాబట్టి దానికి వెళ్లేవి నాట్‌ను తాకకుండానే పోతాయి. మొత్తం ట్రాఫిక్‌ను వీపీసీ గుండా పంపే ఆప్షన్‌కు మార్చాలి.

ఇదంతా చేశాక కూడా ప్రివ్యూలో (ట్యాగ్ మేనేజర్ టెస్టింగ్ మోడ్‌లో) 403 వస్తే కంగారు పడకండి. ప్రివ్యూ మోడ్‌లో ట్యాగులు (డేటా పంపే కోడ్ ముక్కలు) నడిచేది ప్రివ్యూ సర్వర్‌లో. అది వేరే క్లౌడ్ రన్ సర్వీస్, దానికీ ఇవే నెట్‌వర్క్ సెట్టింగులు ఇవ్వాలి. లేకపోతే లైవ్‌లో అంతా బాగున్నా టెస్టింగ్‌లో మాత్రం ఫెయిల్ అవుతూ మీ మధ్యాహ్నం మింగేస్తుంది.

సరిచూసుకోవడానికి, వచ్చిన ఐపీని తిరిగి చెప్పే ఏదైనా సర్వీసుకు ఒక హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ ట్యాగ్ పంపి ప్రివ్యూలో జవాబు చూడండి. లైవ్‌కు మాత్రం క్లయింట్ టీమ్ లాగ్‌లో ఏ ఐపీ కనిపిస్తోందో వాళ్లనే అడగండి. అంతకు మించిన సాక్ష్యం లేదు.

పెద్ద సేల్ ముందు నాట్‌లో కనీస పోర్టుల (కనెక్షన్లను వేరుచేసే నంబర్ల) సంఖ్య చూడండి. డిఫాల్ట్‌గా ఒక్కో వీఎంకు (వర్చువల్ మెషీన్‌కు) 64 మాత్రమే. పైగా మూసిన కనెక్షన్ తాలూకు పోర్టు మళ్లీ వాడకానికి రావడానికి డిఫాల్ట్‌గా 120 సెకన్లు పడుతుంది. అన్ని కనెక్షన్లూ ఒకే సీఆర్ఎం అడ్రస్‌కు వెళ్తుంటే పోర్టులు అయిపోయి రిక్వెస్టులు చప్పుడు లేకుండా పడిపోతాయి. ఒక్కో ఐపీకి 64,512 పోర్టులు ఉంటాయి, పిసినారితనం వద్దు. నాట్ లాగింగ్‌ను ఎర్రర్లకు మాత్రమే ఆన్ చేసి ఉంచండి.

ఇక ఖర్చు. మొత్తం ట్రాఫిక్ నాట్ గుండా వెళ్తే, సీఆర్ఎంకు పోయేదే కాదు, మెటాకూ ఇతర యాడ్ ప్లాట్‌ఫామ్‌లకూ పోయే డేటాకు కూడా జీబీ లెక్కన చార్జి పడుతుంది. ఐపీ అద్దె, గేట్‌వే గంటల చార్జీ అదనం. ట్రాఫిక్ తక్కువైతే పట్టించుకోనక్కర్లేదు. భారీ సైట్ అయితే నా ఓటు వేరే పద్ధతికి: ట్యాగింగ్ సర్వర్‌ను ఉన్నట్టే వదిలేసి, సీఆర్ఎం కోసం మాత్రం ఒక చిన్న రిలే సర్వీస్ (డేటా అందుకుని ముందుకు పంపేది) పెట్టి దానికే నాట్ తగిలించండి. సీఆర్ఎం కాసేపు పడిపోతే మళ్లీ ప్రయత్నించే పని కూడా ఆ రిలేకే అప్పగించొచ్చు. ఆ రిలేను ఎవరు పడితే వాళ్లు పిలవకుండా ఆథెంటికేషన్ మాత్రం తప్పక పెట్టండి.

ఇంకొకటి, క్లయింట్‌కు మొదటే రెండు ఐపీలు ఇచ్చేయండి. వాళ్ల ఫైర్‌వాల్ మార్పు అప్రూవల్స్ మీ పని కంటే ఎక్కువ కాలం పడతాయి.