మెట్టతామరను చలికాలం దాటించడం

సందేహం: మా పెరటిలో కన్నా మొక్కలు ఉన్నాయి. అమెరికాలో చలి బాగా ఎక్కువగా ఉండే ఊళ్లో కాపురముంటున్న మా అమ్మాయికీ, ఇక్కడ మా వీధిలో అడిగేవాళ్లకూ పనికివచ్చేటట్లు వాటి పెంపకం గురించి తెలుగులో రాస్తున్నాను. అందులో ఒక వాక్యం ఇది: ‘మంచు పడగానే కన్నాల వేర్లను తవ్వి, ఎండబెట్టి, మొక్కలను చలికాలం గడపాలి.’ చదివినవాళ్లు అర్థం కాలేదన్నారు. ఇందులో తప్పెక్కడ ఉంది? మొక్కలు చలికి చావకుండా చలికాలమంతా కాపాడడాన్ని ఇంగ్లీషులో ఓవర్‌వింటరింగ్ అంటారు కదా, దానికి తెలుగులో ఏమనాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: అమ్మా, మీ వాక్యంలో ఇబ్బంది ఒక్క చోట లేదు. పేరు దగ్గర మొదలై క్రియ దాకా వ్యాపించి ఉంది కనుక, ఒక్కొక్క మాటనూ విడిగా చూడవలసి ఉంటుంది.

నర్సరీలలో ‘కన్నా’ అనే అడుగుతారు కాబట్టి ఆ మాటను వెలివేయనక్కరలేదు. అయితే తెలుగు వాక్యంలో అది ఇమడదు. ‘గులాబీ కన్నా బాగా పూస్తుంది’ అని రాస్తే, గులాబీని మించి పూస్తుందనే అర్థమే తోస్తుంది తప్ప అక్కడ ఒక మొక్క పేరు ఉందని ఎవరికీ తట్టదు. బహువచనం చేస్తే చిక్కు ఇంకా ముదురుతుంది, ఎందుకంటే ‘కన్నాలు’ అంటే మనకు గోడలోనో నేలలోనో ఉన్న రంధ్రాలే. వాడక తప్పదనుకుంటే ‘కన్నా మొక్కలు’ అని పూర్తిగా రాయండి. నన్నడిగితే ‘మెట్టతామర’ అనండి. ఈ మొక్క స్వస్థలం అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి పెట్టిన ‘కన్నా ఇండికా’ అన్న శాస్త్రీయ నామంలోని మొదటి మాటకు లాటిన్‌లో రెల్లు అని అర్థం. పరదేశపు మొక్కే అయినా, నీటిలో కాక మెట్టన పెరిగే తామరగా భావించి మనవాళ్లు దానికి చక్కని పేరు పెట్టుకున్నారు. మీకు పొరుగునే ఉన్న తమిళులు దాని ఆకును చూసి ‘కల్వాళై’, అంటే రాతి అరటి అన్నారు. మెట్టతామరను సంస్కృతీకరించి ‘స్థలపద్మం’ అని మాత్రం రాయకండి. ఆ పేరుతో వ్యవహరించేది మందార జాతికి చెందిన వేరొక మొక్కను.

ఇక ‘వేర్లు’. మెట్టతామరకు వేర్లు ఉన్న మాట నిజమే కానీ, మీరు తవ్వి దాచమంటున్నది వేర్లను కాదు, భూమిలో అడ్డంగా పెరిగే కాండాన్ని. దానిమీద కణుపులుంటాయి, కణుపుల దగ్గర కన్నులుంటాయి, ఆ కన్నుల నుంచే కొత్త పిలకలు వస్తాయి. ఇటువంటి కాండాన్ని మన వృక్షశాస్త్ర పాఠ్యపుస్తకాలు ‘కొమ్ము’ అంటాయి. రైతులు పసుపు కొమ్ము అంటున్నదీ ఆ మాటే. మెట్టతామర, అల్లం, పసుపు, అరటి ఒకే వృక్షక్రమానికి చెందినవి కనుక కొమ్ము అన్న మాట శాస్త్రానికీ వాడుకకూ సమానంగా ఒదుగుతుంది. మీ చిత్తూరు సీమలో ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉర్లగడ్డ, గెనుసుగడ్డ అంటూ నేలలో ఊరే ప్రతిదాన్నీ గడ్డ అనే అలవాటుంది. ‘మెట్టతామర గడ్డ’ అని మీ వీధిలో ఎవరైనా అంటే దిద్దకండి, అది ఆ సీమ నుడికారం. వేరు అనడం మాత్రం పొరపాటు. కన్నులేని వేరును నాటితే మొలక రాదు.

‘మొక్కలను చలికాలం గడపాలి’ అన్నచోట వ్యాకరణమే అడ్డుపడుతోంది. ‘గడపడం’ అనే క్రియకు ‘చలికాలం’ అనే కర్మ ఇప్పటికే ఉంది. దాని పక్కన ‘మొక్కలను’ అనే రెండో కర్మ నిలవదు. ఇంగ్లీషులో ‘ఓవర్‌వింటర్’ అనే ఒక్క క్రియే మొక్క చేసే పనికీ, మొక్క చేత మనం చేయించే పనికీ సరిపోతుంది. తెలుగుకు ఆ రెంటికీ వేర్వేరు రూపాలు కావాలి, అవి ఉన్నాయి కూడా. ‘పిల్లవాడు ఏరు దాటాడు’, ‘పిల్లవాణ్ణి ఏరు దాటించాడు’ అంటాం. ‘దాటించు’ అనే ప్రేరణార్థక క్రియ రెండు కర్మలనూ తడబాటు లేకుండా మోస్తుంది. కాబట్టి కొమ్ములు చలికాలం దాటుతాయి, మీ అమ్మాయి వాటిని చలికాలం దాటిస్తుంది. దీనికోసం సంస్కృత సమాసం ఒకటి కొత్తగా కల్పించవలసిన అవసరం నాకు కనబడదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది మీ వాక్యం మొదట ఉన్న ‘మంచు’. తెల్లవారుజామున ఆకులమీద నిలిచే బిందువులూ, ధనుర్మాసంలో శేషాచలం కొండలను కమ్మే పొగమంచూ, హిమాలయాల మీద పేరుకొనే హిమమూ, చల్లని దేశాల్లో రాత్రికి రాత్రి ఆకులోని నీటిని గడ్డకట్టించి దాన్ని నల్లబరిచే గట్టి మంచూ అన్నీ మనకు మంచే. మీరు ఉద్దేశించినది చివరిది. మీ ఎదురింటివారు చదివితే డిసెంబరు పొద్దున మంచు కురవగానే పలుగు పట్టుకొని, చక్కగా పూస్తున్న కుదుళ్లను పెకలించే ప్రమాదం ఉంది. తిరుపతిలో నేల గడ్డకట్టదు, కొమ్ములకు చలివల్ల చావు లేదు, వాటిని తవ్వవలసిన పనీ లేదు. అందువల్ల ‘మంచు పడగానే’ అనక, ఏం జరుగుతుందో అదే చెప్పండి: ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దిగి ఆకులు నల్లబడిన తరువాత.

‘ఎండబెట్టి’ అన్నది కూడా మార్చాలి. ఎండబెట్టడం ఎండలో జరిగేది, వడియాలకూ మిరపకాయలకూ తగినది, వస్తువులోని తేమ అంతా పోవాలన్నది దాని ఉద్దేశం. ఆరబెట్టడం పైతడి పోయేదాకా గాలికి ఉంచడం. కొమ్ములను ఎండబెడితే ముడుతలు పడి చచ్చిపోతాయి, ఆరబెట్టకుండా దాస్తే కుళ్లిపోతాయి. ఇంత దగ్గరి అర్థాలను రెండు క్రియలతో విడదీసి పెట్టిన భాష మనది. ఆ సదుపాయాన్ని పెంపకం రాతల్లో వదులుకోకూడదు.

మీ అమ్మాయికోసం ఇలా రాయవచ్చు: ‘ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దిగి మెట్టతామర ఆకులు నల్లబడిన తరువాత, కాడలను నాలుగైదు అంగుళాలు ఉంచి కోసి, కొమ్ములను గాయపడకుండా తవ్వి తీసి, మన్ను దులిపి, కొద్ది రోజులు నీడలో ఆరబెట్టాలి. ఆపైన వాటిని కొద్దిపాటి తేమ ఉన్న కొబ్బరి పొట్టులో కప్పిపెట్టి, 5 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ మధ్య చల్లగా ఉండే గదిలో చలికాలం దాటించాలి. నెలకొకసారి చూసి కుళ్లినవాటిని ఏరివేయాలి. వసంతంలో గట్టి మంచు భయం తొలగాక, ఒక్కో ముక్కకు రెండు మూడు కన్నులు ఉండేటట్లు కోసి నాటాలి.’

మీ వీధివారికి ఈ పేరా అక్కరలేదు. వారికి వేరే రాయండి: కుదురు ఒత్తయినప్పుడు తవ్వి, కొమ్ములను విడదీసి, ఎండ బాగా తగిలే చోట నాటమనండి, పూత అయిపోయిన కాడను మొదలంటా కోయమనండి. తిరుపతిలో మొక్కకు కష్టకాలం మే నెల. ఆకుల అంచులు మాడకుండా మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు కప్పి, నీళ్లు ఆపకుండా పోయడాన్ని మీరు ‘ఎండాకాలం దాటించడం’ అని నిస్సందేహంగా రాయవచ్చు.