భక్త ప్రహ్లాద సినిమాలో ప్రహ్లాదుడిగా వేసిన పిల్లాడు ఎవరు? పెద్దయ్యాక ఏమయ్యాడు?

పిల్లాడు కాదండీ, ఆడపిల్ల. పేరు రోజారమణి.

మా నల్లగొండ వైపు చాలామంది అడిగే ప్రశ్నే ఇది. యాదగిరిగుట్ట, మట్టపల్లి నరసింహస్వామి గుళ్లకు మొక్కులు మొక్కే ఇళ్లలో నరసింహస్వామి కథ అనగానే 1967లో ఏవీఎం వాళ్లు తీసిన ఆ సినిమానే గుర్తొస్తుంది. ఎస్వీ రంగారావు అంతటి మనిషి గద పట్టుకుని గర్జిస్తుంటే, ఎదురుగా చేతులు జోడించి బెదరకుండా నిలబడే ఆ పసిముఖం చూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అప్పటికి ఆమె బడి ఈడు పిల్ల!

బాలనటులు చాలామంది పెద్దయ్యాక కనపడకుండా పోతారు. ఈమె 1972లో చెంబరత్తి అనే మలయాళ సినిమాలో హీరోయిన్ అయ్యారు. కేరళలో ఆమె పేరు శోభన. తెలుగు, తమిళం, ఒడియాల్లోనూ నటించారు.

నన్నడిగితే ఆమె అసలు సత్తా డబ్బింగ్‌లో తెలిసింది. ఎంతోమంది హీరోయిన్లకు తెలుగులో గొంతు ఇచ్చారు. తెర మీద ఏడ్చేది ఒకరు, మనకు కన్నీళ్లు తెప్పించే గొంతు ఈమెది. టైటిల్స్‌లో ఆ పేరు చదివేవాళ్లెందరు?

భర్త చక్రపాణి ఒడియా నటుడు. కొడుకు తరుణ్. అవును, ఆ నువ్వే కావాలి తరుణే. అతనూ బాలనటుడిగానే మొదలుపెట్టాడు. 1990లో మణిరత్నం అంజలి, మరుసటి ఏడాది ఆదిత్య 369. 2000లో నువ్వే కావాలి వచ్చాక కాలేజీ పిల్లల్లో అతని క్రేజ్ మామూలుగా లేదు. త్రివిక్రమ్ దర్శకుడిగా మొదటి సినిమా, 2002 నాటి నువ్వే నువ్వేలోనూ హీరో ఇతనే.