పాఠకుల ప్రశ్నలు: మధ్య ఆసియాలో ఎవరి మాట చెల్లుతోంది?

ప్రశ్న: సోవియట్ యూనియన్ విడిపోయాక మధ్య ఆసియాలో ఏర్పడిన ఐదు దేశాల కోసం రష్యా, చైనా, అమెరికా పోటీపడ్డాయి కదా, ఎవరు గెలిచారు? గ్రూప్స్ పరీక్షలో ఎలా రాయాలి?
– ఒక అభ్యర్థి, అమలాపురం

జవాబు: గెలుపోటముల లెక్కతో మొదలుపెట్టకండి. ఆ దేశానికి ఏం కావాలి, అది ఎవరి దగ్గరుంది అన్నది రాయండి.

తుర్క్‌మెనిస్తాన్ గ్యాస్‌నే తీసుకోండి. 1991లో దాని పైపులైన్లన్నీ రష్యా వైపే ఉన్నాయి. రొయ్యల చెరువు పట్టుబడి రోజున కొనేవాడు ఒక్కడే వస్తే ధర ఎవరిదో భీమవరం వాళ్లకు చెప్పనక్కర్లేదు. 2009 డిసెంబరులో ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్‌ల మీదుగా చైనాకు పైపు పడటంతో మాస్కో పట్టు సడలింది. అయితే ఇప్పుడు చైనాయే అందరికంటే పెద్ద కొనుగోలుదారు. ఒకరి మీదే ఆధారపడే ఇబ్బంది అలాగే ఉంది.

కిర్గిజ్‌స్తాన్ మరో దారి పట్టింది. 2009లో రష్యా 200 కోట్ల డాలర్ల సాయం ప్రకటించగానే తన గడ్డ మీద మనాస్‌లో ఉన్న అమెరికా వైమానిక స్థావరాన్ని మూసేస్తామంది. అమెరికా అద్దెను ఏటా 1.74 కోట్ల డాలర్ల నుంచి 6 కోట్లకు పెంచాక, అదే చోటికి ‘ట్రాన్సిట్ సెంటర్’ అని పేరు మార్చి ఉండనిచ్చింది. అమెరికన్లు వెళ్లింది 2014లో. అదే దేశంలోని కాంత్‌లో రష్యా స్థావరం 2003 నుంచీ ఉంది. చిన్న దేశాలను పావులనే వాళ్లు ఈ బేరం చూడాలి.

ప్రశ్న: అక్కడి నీటి తగవును ఈ పెద్ద దేశాలు ఎందుకు తీర్చలేదు?
– ఒక రైతు, రాజోలు

జవాబు: మన దాళ్వాతో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి సన్నబడ్డాక, సీలేరులో కరెంటు తీసి వదిలిన నీళ్లే మనకు ఆదరువు. కరెంటుకు, పైరుకు ఒకే కాలంలో నీళ్లు కావలసి రావడం మన అదృష్టం.

కిర్గిజ్‌స్తాన్‌లో నరీన్ నది మీద టొక్టొగుల్ జలాశయం ఉంది. దాని సామర్థ్యం సుమారు 690 టీఎంసీలు, అంటే పోలవరానికి మూడున్నర రెట్లు. వాళ్లకు కరెంటు కావలసింది చలికాలంలో. దిగువన ఉజ్బెక్, కజక్ పత్తి చేలకు నీళ్లు కావలసింది వేసవిలో. సోవియట్ రోజుల్లో దిగువ నుంచి బొగ్గు, గ్యాస్ పైకి పంపించి, వేసవి నీళ్లు కిందికి వదిలించేవారు. 1992 ఫిబ్రవరిలో అల్మాటీ ఒప్పందం నీటి పాత వాటాలను నిలిపింది, ఇంధనం మాత్రం డబ్బిచ్చి కొనుక్కోవలసి వచ్చింది. దాంతో చలికాలంలోనే టర్బైన్లు తిప్పారు. నరీన్ నీళ్లు చేరే సిర్ దర్యా నది గడ్డకట్టి ఉండటంతో, ఆ నీరు అందులో పట్టక ఉజ్బెకిస్తాన్‌లోని అర్నసాయ్ పల్లంలోకి మళ్లింది, వేసవికి శివారు చేలు ఎండాయి. నీటికి బదులు ఇంధనమని 1998లో మళ్లీ రాసుకున్నారు గానీ కొన్నేళ్లకే చెడింది.

అప్పు, ఆయుధం ఇచ్చేవాళ్లున్నారు, చలికాలం బొగ్గుకు పూచీపడేవాళ్లే లేరు. నరీన్ మీదే కంబరాతా-1 అనే జలవిద్యుత్ డ్యామును కడతానని 2012లో ఒప్పుకున్న రష్యా డబ్బు పెట్టకపోవడంతో 2016లో కిర్గిజ్‌స్తాన్ ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. 2023 జనవరిలో ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్‌లు దాన్ని కలిసి కట్టేందుకు కిర్గిజ్‌స్తాన్‌తో సంతకాలు చేశాయి. దిగువవాళ్లే పైన డ్యాముకు పెట్టుబడి పెట్టడం మా దృష్టిలో స్థావరాలన్నిటికంటే పెద్ద వార్త.

ప్రశ్న: చైనా గూడ్సు రైలు కజకిస్తాన్‌లోకి నేరుగా వెళ్తుందా?
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: వెళ్లదు. చైనా పట్టాల మధ్య వెడల్పు 1,435 మి.మీ., కజకిస్తాన్‌లో 1,520. సరిహద్దులోని ఖోర్గోస్‌లో క్రేన్లతో కంటైనర్లను ఇటు బండి మీంచి అటు బండి మీదికి మారుస్తారు.