సిమ్మెట్రీ అంటే రెండు సగాలు ఒకేలా ఉండటమేనా?

"సిమ్మెట్రీ అంటే సీతాకోకచిలుక రెక్కల్లా రెండు వైపులా ఒకేలా ఉండటమే కదా, దానికి లెక్కల్లో, ఫిజిక్స్‌లో అంత పెద్దపీట ఎందుకు?" అని అడిగారు. నాకూ చాలాకాలం ఇదే అనుమానం ఉండేది. బడిలో సౌష్ఠవ రేఖ అని చెప్పి కాగితాన్ని మధ్యకి మడిచి చూపించారు, అంతటితో పాఠం అయిపోయింది. ఇంటర్‌లో ఎంపీసీ, తర్వాత పీజీ దాకా ఫిజిక్సే చదివాను గానీ, ఈ మాటకి అసలు అర్థం తట్టింది మాత్రం మా వాకిట్లో, అమ్మ ముగ్గు దగ్గర.

ముగ్గు ఒకరికొకరు చెప్పుకునేటప్పుడు ఆడవాళ్లు బొమ్మ ఎలా ఉంటుందో చెప్పరు, "ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందు చుక్క" అంటారు, అంతే. కాగితం మీద పెట్టి చూడండి: మధ్య వరసలో 7, దానికి పైనా కిందా 6, 5, 4. మొత్తం 37 చుక్కలు, ఆరు మూలలు. దూరాలు సమంగా పడితే దీన్ని 60 డిగ్రీలు తిప్పినా చుక్క మీద చుక్కే పడుతుంది. అందుకే అమ్మ ఒక్క మూల దగ్గరే ఆగి, ఆలోచించి గీసేది, మిగతా ఐదు మూలలూ పక్కింటి పిన్నితో కబుర్లు చెబుతూనే పూర్తయిపోయేవి. అదే ఏడు చుక్కలకి సందులో కాకుండా ఎదురుగా చుక్కలు పెట్టుకుంటూ 5, 3, 1కి వస్తే 25 చుక్కలు, నాలుగు మూలలు, 90 డిగ్రీల తిప్పుడు. అంటే గీత మొదలవకముందే ఆ ఒక్క వాక్యంలో సిమ్మెట్రీ మొత్తం వచ్చేసింది.

కాబట్టి నా లెక్కలో సిమ్మెట్రీ అంటే ఇది: మీరు కళ్లు మూసుకున్నప్పుడు నేను ఆ వస్తువుని ఏదో చేశాను, కళ్లు తెరిచాక మీరు కనిపెట్టలేకపోయారు. తిప్పానా, తిరగేశానా, పక్కకి జరిపానా అన్నది తర్వాతి సంగతి. అద్దంలో ఒకేలా కనపడటం అందులో ఒక రకం మాత్రమే. స్వస్తిక్‌ని పావు వంతు తిప్పినా అలాగే ఉంటుంది, అద్దంలో చూస్తే మాత్రం కొమ్ములు అటువైపు తిరిగిపోతాయి. చతురస్రానికైతే ఇలా కనిపెట్టలేని పనులు సరిగ్గా 8 (ఏమీ చేయకుండా ఊరుకోవడం కూడా ఒకటిగా లెక్క, నవ్వకండి). గణితంలో ఇలాంటి పనులన్నిటినీ కలిపి గ్రూప్ అంటారు.

ఇక ఉపయోగం. ఇంటర్ సెకండియర్‌లో ఒక టెస్టులో సున్నా నుంచి పై బై టూ దాకా, సైన్ ఎక్స్ బై (సైన్ ఎక్స్ ప్లస్ కాస్ ఎక్స్), ఈ ఇంటిగ్రల్ ఇచ్చారు. నేను టాన్ హాఫ్ ఎక్స్ పెట్టి రెండు పేజీలు నింపాను, పావుగంట పోయింది, ఆన్సర్ రాలేదు, ఆ టెన్షన్‌లో తర్వాతి లెక్క కూడా పోయింది. మర్నాడు సార్ బోర్డు మీద మూడు లైన్లు రాశారు: ఎక్స్ బదులు పై బై టూ మైనస్ ఎక్స్ పెడితే సైన్, కాస్ చోట్లు మార్చుకుంటాయి, ఇంటిగ్రల్ విలువ మారదు, రెండూ కూడితే లోపల మిగిలేది 1. జవాబు పై బై ఫోర్. ఈ ట్రిక్ బట్టీ పట్టినవాళ్లు చాలామంది ఉంటారు గానీ, గ్రాఫ్ గీసి చూడండి, అప్పుడు మజా తెలుస్తుంది. పై బై టూ వెడల్పు, 1 ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రంలో ఆ గీత కింది ఎడమ మూల నుంచి పై కుడి మూలకి పోతుంది, కాగితాన్ని తలకిందులు చేసినా అదే గీత. అలాంటప్పుడు అది పెట్టెని సరిగ్గా సగానికి కోయక ఏం చేస్తుంది? ఇంటిగ్రల్ అంటే ఆ గీత కింది వైశాల్యమే కాబట్టి, ఇంటిగ్రేషన్ చేయాల్సిన పనే లేదు.

ఫిజిక్స్‌లోకి వస్తే ఇది పని తగ్గించే చిట్కాతో ఆగదు. జర్మన్ గణితవేత్త ఎమ్మీ నోథర్ 1918లో అచ్చు వేసిన సిద్ధాంతం ఏం చెబుతుందంటే, కొద్దికొద్దిగా జరపగలిగే ప్రతి సిమ్మెట్రీ వెనకా మారకుండా ఉండిపోయే రాశి ఒకటి ఉంటుంది. ప్రకృతి నియమాలు నిన్నా ఇవాళా ఒకటే కాబట్టి శక్తి నిత్యత్వం. ఇక్కడా అక్కడా ఒకటే కాబట్టి ద్రవ్యవేగ (మొమెంటం, ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) నిత్యత్వం. ఏ దిక్కుకి తిరిగినా ఒకటే కాబట్టి కోణీయ ద్రవ్యవేగ (తిరుగుడుకి ఉండే మొమెంటం) నిత్యత్వం. సూర్యుడి నుంచి గ్రహానికి గీసిన గీత సమాన కాలాల్లో సమాన వైశాల్యాలు చిమ్ముతుందన్న కెప్లర్ రెండో నియమాన్ని నేను విడిగా బట్టీ పట్టాను, తీరా చూస్తే సూర్యుడి ఆకర్షణకి అన్ని దిక్కులూ సమానమే అన్న దాంట్లోంచే అది వచ్చేస్తుంది. ఇంత పని చేసిన ఆవిడకి జర్మనీలోని గోటింగెన్ యూనివర్సిటీలో ఆడమనిషని ఉద్యోగం ఇవ్వలేదు, కొన్నేళ్లు జీతం లేకుండా, అక్కడి గణిత ప్రొఫెసర్ హిల్బర్ట్ పేరు మీద పాఠాలు చెప్పింది.

అద్దం సంగతి ఒకటి మిగిలింది. ప్రకృతికి కుడిఎడమల తేడా ఉండదని 1956 దాకా దాదాపు అందరూ నమ్మారు. దాన్ని పరీక్షించి చూడాలన్నది లీ, యాంగ్ అనే ఇద్దరు ఫిజిక్స్ సిద్ధాంతకర్తలు, చేసి చూపించింది చియెన్ షియుంగ్ వూ అనే ప్రయోగ శాస్త్రవేత్త బృందం. గోడ అద్దం ముందు బొంగరం తిప్పండి: అద్దంలో అది ఎదురు తిరుగుతుంది, కానీ పైవైపు పైనే ఉంటుంది. కోబాల్ట్-60 కేంద్రకాలు అలాంటి బొంగరాలే, వాటిని విపరీతంగా చల్లబరిచి ఒకే వైపు తిరిగేలా నిలబెట్టారు. ఈ కేంద్రకాలు వాటంతటవే విచ్ఛిన్నమవుతూ ఎలక్ట్రాన్లని బయటికి వదులుతాయి. ఎదురు తిరగడమంటే బొంగరాన్ని తలకిందులు చేసినట్టే కాబట్టి, అద్దం సిమ్మెట్రీ నిజమే అయితే ఆ ఎలక్ట్రాన్లు పైకీ కిందకీ సమానంగా రావాలి. రాలేదు, ఒక వైపే ఎక్కువ వచ్చాయి, అంటే ఆ ప్రయోగం అద్దంలో జరుగుతోందో బయట జరుగుతోందో చూసి చెప్పేయొచ్చు. లీ, యాంగ్‌లకి 1957లోనే నోబెల్ వచ్చింది. వూకి రాలేదు, అది తలుచుకుంటే నాకిప్పటికీ మండుతుంది.