చదివించారు సరే, ఒరిజినల్స్ ఎవరివి?

ప్రశ్న: కరీంనగర్ జిల్లాలో ఒక ప్రైవేటు సీబీఎస్ఈ స్కూల్లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఎడ్ చదివాను. జీతం 32 వేలు. వైస్ ప్రిన్సిపాల్‌ని చేస్తామంటూ మా కరస్పాండెంట్ గారు నన్నూ, మరో ముగ్గురు టీచర్లనూ దూరవిద్యలో ఎంఏ ఎడ్యుకేషనల్ మేనేజ్‌మెంట్ అండ్ స్కూల్ లీడర్‌షిప్ కోర్సులో చేర్పించారు. యూనివర్సిటీ వేరే రాష్ట్రంలోని ప్రైవేటుది, స్టడీ సెంటర్ హైదరాబాద్‌లో. రెండేళ్ల ఫీజు 84 వేలు స్కూలే కట్టింది. కోర్సు అయ్యాక మూడేళ్లు పనిచేయాలని, మధ్యలో మానేస్తే 3 లక్షలు కట్టాలని స్టాంపు పేపర్ మీద బాండు రాయించుకున్నారు. టెన్త్ నుంచి బీఎడ్ దాకా ఒరిజినల్స్, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఒకటి తీసుకున్నారు. కోర్సు పూర్తయి 14 నెలలైంది. వేరే ఊళ్లో ప్రిన్సిపాల్ ఉద్యోగం వచ్చింది, జూన్‌లో చేరాలి. ఒరిజినల్స్ అడిగితే 3 లక్షలు కట్టి తీసుకెళ్లమంటున్నారు, లేకపోతే చెక్కు బ్యాంకులో వేస్తామంటున్నారు. ఎంఏ డిగ్రీ కూడా స్కూలు అడ్రసుకే వచ్చింది. అసలు ఆ డిగ్రీ చెల్లుతుందా అన్న అనుమానం కూడా ఉంది. నేనేం చేయాలి?
— పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, బాండు, చెక్కు, సర్టిఫికెట్లు వేరు వేరు విషయాలు. మీ కరస్పాండెంట్ మూడింటినీ కలిపి మాట్లాడుతున్నారు, ఎందుకంటే కలిపి ఉంచితేనే మీరు భయపడతారు. స్కూలుకు మీరు కొంత డబ్బు బాకీ పడి ఉండొచ్చు, అది నేను కాదనను. ఆ బాకీకి, మీ టెన్త్ మెమోకి మాత్రం చట్టం దృష్టిలో ఏ సంబంధమూ లేదు.

బంగారం తాకట్టు పెట్టుకున్నవాడు బాకీ తీరకపోతే వేలం వేసి డబ్బు రాబట్టుకుంటాడు. మీ బీఎడ్ సర్టిఫికెట్‌ను వేలం వేస్తే కొనేదెవరు? అందుకే దాన్ని సరుకు కింద లెక్కవేయలేం. పాత బాకీలన్నీ తీరేదాకా అవతలివాళ్ల వస్తువును ఆపుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ కొందరికే ఇచ్చింది: బ్యాంకర్లు, ఫ్యాక్టర్లు (ఇతరుల సరుకు అమ్మిపెట్టే ఏజెంట్లు), రేవు గిడ్డంగుల వాళ్లు, హైకోర్టు అటార్నీలు, పాలసీ బ్రోకర్లు. మిగతావాళ్లు అలా ఆపుకోవాలంటే ఒప్పందంలో స్పష్టంగా రాసి ఉండాలి. ఆ అటార్నీల మాట పట్టుకుని ఒక బ్యాంకు వకీలు, ఫీజు ఇవ్వలేదని కేసు ఫైళ్లు ఆపుకున్నాడు. కాగితాలు సరుకు కావని, ఫీజు కావాలంటే వేరే దారి చూసుకోవాలని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చి, అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని మందలించింది. మా వకీళ్లకే లేని హక్కు కరస్పాండెంట్‌కు ఎక్కడిది? తీర్పు వకీళ్ల గురించే అయినా, సర్టిఫికెట్ల కేసుల్లోనూ ఇదే తర్కం మీద వాదిస్తాం. మీ బాండులో ఒరిజినల్స్ గురించి ఏమైనా రాశారేమో ఒకసారి చూసుకోండి. రాసి ఉన్నా, మనిషి బతుకుతెరువును తాళం వేసి పెట్టుకునే షరతు ప్రజాహితానికి విరుద్ధమని అదే చట్టం 23వ సెక్షన్ కింద వాదించవచ్చు.

ఇక్కడొక జాగ్రత్త. ఒరిజినల్స్ ఆపుకోకూడదంటూ 2018 అక్టోబరులో యూజీసీ ఇచ్చిన నోటిఫికేషన్ ఒకటి వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అది కాలేజీలు, యూనివర్సిటీలు విద్యార్థుల సర్టిఫికెట్లు పట్టుకోవడం గురించి. ఉద్యోగం ఇచ్చిన స్కూలుకు అది వర్తించదు. దాన్ని మీ నోటీసులో పెడితే అవతలి వకీలు మొదట దాన్నే పట్టుకుంటాడు.

సర్టిఫికెట్లు ఇచ్చినప్పుడు రసీదు తీసుకున్నారో లేదో మీరు రాయలేదు. సాధారణంగా ఎవరూ తీసుకోరు. అదే జరిగి ఉంటే గొడవ పెరగక ముందే, ఈ వారంలోనే, కరస్పాండెంట్ గారికి మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి: "సార్, కోర్సులో చేరినప్పుడు ఆఫీసులో ఇచ్చిన నా టెన్త్, ఇంటర్, డిగ్రీ, పీజీ, బీఎడ్ ఒరిజినల్స్, తర్వాత వచ్చిన ఎంఏ సర్టిఫికెట్ కావాలి. ఎప్పుడు రమ్మంటారు?" ఇంతే. బాండు, కోర్టు, వకీలు అన్న మాటలేవీ వద్దు. "బాకీ తేల్చి తీసుకెళ్లండి మేడమ్" అని ఆయన జవాబిచ్చారనుకోండి, సర్టిఫికెట్లు తన దగ్గరే ఉన్నాయని ఆయనే రాసిచ్చినట్టు. ఆ చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ కూడా మార్చకండి. రేపు కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, ఆ పని మీ వకీలు చూసుకుంటారు.

ఆ తర్వాత లాయర్ నోటీసు ఇప్పించండి. దానికీ కదలకపోతే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 7, 8 సెక్షన్ల కింద మీ కాగితాలు మీకు ఇప్పించమని సివిల్ దావా వేయవచ్చు. నమ్మకద్రోహం కింద, అంటే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద, పోలీసు ఫిర్యాదుకూ అవకాశం ఉంది కానీ స్టేషన్‌లో "ఇది సివిల్ మ్యాటర్ మేడమ్" అని పంపించే అవకాశమే ఎక్కువ. మీకు జూన్ గడువు ఉంది కాబట్టి నేనైతే దావా కన్నా ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టిస్తాను. స్త్రీలకు, జీతంతో పనిలేకుండా, అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. కోర్టు ఆవరణ నుంచి నోటీసు వచ్చిందంటే చాలామంది కరస్పాండెంట్ల గొంతు తగ్గుతుంది. అక్కడ కుదిరిన రాజీ లోక్ అదాలత్ అవార్డుగా వస్తే దానికి డిక్రీ అంత విలువ ఉంటుంది.

ఈలోగా ఎవరో ఒకరు మీకు సలహా ఇస్తారు: "ఒరిజినల్స్ పోయాయని స్టేషన్‌లో కంప్లయింట్ ఇచ్చి డూప్లికేట్లు తెచ్చుకో" అని. ఆ పని చేయకండి. ఎక్కడున్నాయో తెలిసీ పోయాయని అఫిడవిట్ ఇస్తే అది నేరం. ఇప్పటిదాకా మీ వైపు ఏ తప్పూ లేదు, ఒక్క సంతకంతో అది మారిపోతుంది. దానికన్నా డిజీలాకర్ తెరిచి చూడండి. అందులో బోర్డు, యూనివర్సిటీ జారీచేసిన సర్టిఫికెట్లకు 2016 నాటి డిజిటల్ లాకర్ నిబంధనల ప్రకారం ఒరిజినల్స్‌తో సమానమైన చెల్లుబాటు ఉంది. పాత సంవత్సరాలవి అన్నీ దొరక్కపోవచ్చు. దొరికినవి కొత్త స్కూలుకు ఇచ్చి, మిగతావి తగాదాలో ఉన్నాయని నోటీసు కాపీతో సహా నిజం చెప్పేయండి.

డబ్బు మాట ఎత్తే ముందు డిగ్రీ సంగతి తేల్చుకోండి, ఎందుకంటే బాండు నిలబడేదీ పడిపోయేదీ కొంతవరకు దాని మీదే. యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం చట్టం ద్వారా ఏర్పడిన యూనివర్సిటీలకు, డీమ్డ్ యూనివర్సిటీలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకే ఉంది. యూనివర్సిటీ అసలుదైనంత మాత్రాన దాని దూరవిద్య కూడా చెల్లుతుందనుకోకండి. మీరు చేరిన సంవత్సరానికి, సరిగ్గా ఆ కోర్సుకి, ఆ పద్ధతికి యూజీసీ దూరవిద్యా బ్యూరో అనుమతి ఉండాలి. బ్యూరో వెబ్‌సైట్‌లో ఏడాదివారీగా జాబితాలు ఉంటాయి. మీ డిగ్రీ మీద "దూరవిద్య" అని ఉందో "ఆన్‌లైన్" అని ఉందో కూడా చూడండి. ఒక రాష్ట్ర చట్టం కింద పుట్టిన ప్రైవేటు యూనివర్సిటీ దూరవిద్య పేరుతో మరో రాష్ట్రంలో స్టడీ సెంటర్ తెరవకూడదు, ఫ్రాంచైజీలు ఇవ్వకూడదు. ఆన్‌లైన్ కోర్సుకు ఈ సరిహద్దు అడ్డం రాదు. హైదరాబాద్ సెంటర్ అన్న మాట దగ్గరే నాకు అనుమానం వచ్చింది. అనుమతి ఉన్న దూరవిద్య డిగ్రీ అయితే 2020 నిబంధనల ప్రకారం రెగ్యులర్ డిగ్రీతో సమానం, నిశ్చింతగా ఉండండి. ఎంఏ ఎడ్యుకేషన్ ఏదైనా ఎంఈడీ మాత్రం కాదు. ఎంఈడీకి ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) గుర్తింపు ఉండాలి. రెండూ ఒకటేనని సెంటర్ వాళ్లు చెప్పి ఉంటే ఆ మాట మరిచిపోండి.

ఊరట ఏమిటంటే, మీకు వచ్చిన ప్రిన్సిపాల్ ఉద్యోగం ఈ ఎంఏ మీద ఆధారపడి లేదు. సీబీఎస్ఈ స్కూళ్లలో ప్రిన్సిపాల్‌కు పీజీ, బీఎడ్, బోధనానుభవం అడుగుతారు. మీకు మూడూ ఉన్నాయి. స్కూల్ లీడర్‌షిప్ కోర్సు ఇంటర్వ్యూలో పనికొస్తుంది, స్కూలు నడపడంలో ఇంకా పనికొస్తుంది, కానీ బీఎడ్ స్థానంలో కూర్చోదు. ఇది ప్రభుత్వ టీచర్లకూ చెబుతున్నా. గెజిటెడ్ హెడ్మాస్టర్ ప్రమోషన్‌కు ఈఓటీ, జీఓటీ అనే డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసయ్యారా అని చూస్తారు. ఇగ్నో వాళ్ల పీజీ డిప్లొమా ఇన్ ఎడ్యుకేషనల్ మేనేజ్‌మెంట్ అండ్ అడ్మినిస్ట్రేషన్ చేసినా ఆ టెస్టులు తప్పవు. డిగ్రీ జాబితాలో ఉందని తేలేదాకా మీ బయోడేటాలో ఈ ఎంఏ రాయకండి.

ఇప్పుడు బాండు. "బాండులు చెల్లవు, పట్టించుకోకండి" అనే సలహా ఈమధ్య దాకా తేలిగ్గా ఇచ్చేవారు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లు పనిచేయాలి లేదా 2 లక్షలు కట్టాలి అన్న షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. ఉద్యోగంలో ఉన్నంతకాలానికి పెట్టిన అలాంటి షరతు వృత్తికి అడ్డుకట్ట కిందికి రాదంది. కాబట్టి వృత్తికి అడ్డుకట్ట వేసే ఒప్పందం చెల్లదనే కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ఒక్కటే నమ్ముకుని కోర్టుకు వెళ్లకండి. అయితే అది ప్రభుత్వరంగ బ్యాంకు. మళ్లీ నోటిఫికేషన్ ఇచ్చి, అందరికీ అవకాశమిచ్చే పద్ధతిలో మనిషిని వెతుక్కోవాలన్న ఖర్చును కోర్టు లెక్కలోకి తీసుకుంది. మీ స్కూలు పెట్టిన ఖర్చు 84 వేలు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం బాండులో రాసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. కోర్టు ఇప్పించేది ఆ లోపల సమంజసమైన పరిహారం. 84 వేలు పెట్టినవాళ్లు 3 లక్షలు ఎలా నష్టపోయారో వాళ్లే చెప్పాలి. 36 నెలల్లో మీరు 14 నెలలు పనిచేశారు. మిగిలిన 22 నెలలకు దామాషాగా చూస్తే 51,333 రూపాయలు. పరీక్షలకు జీతంతో సెలవు ఇచ్చి ఉంటే అది కూడా కలపమంటారు, కలపనివ్వండి. డిగ్రీ చెల్లదని తేలితే మాత్రం కథ తిరగబడుతుంది. ఆ యూనివర్సిటీని ఎంచుకుని మిమ్మల్ని చేర్పించింది స్కూలే కదా, అప్పుడు తప్పుడు మాట చెప్పి రాయించుకున్న ఒప్పందమని మీరే దాన్ని రద్దు చేయమని అడగవచ్చు.

మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టింది చెక్కు. సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కులో అవతలివాళ్లు అంకె నింపినా, అది బాకీకి ఇచ్చిందేననే చట్టం మొదట అనుకుంటుంది. కాదని చూపించాల్సింది మీరే అని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. బ్యాంకుకు వెళ్లి స్టాప్ పేమెంట్ ఇస్తేనో, ఖాతా మూసేస్తేనో తప్పించుకోవచ్చన్నది అపోహ. రెండు సందర్భాల్లోనూ నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద చెక్ బౌన్స్ కేసు నడుస్తుంది. డిగ్రీ చెల్లుతుందని తేలితే, చెక్కు బ్యాంకుకు వెళ్లకముందే ఆ 51,333 స్కూలు ఖాతాకు పంపేయండి. "నా హక్కులకు భంగం లేకుండా, కోర్సు ఫీజులో మిగిలిన కాలానికి" అని రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాసి, ఖాళీ చెక్కు వాపసు అడగండి. చెక్కు ఇచ్చాక కొంత బాకీ తీరినా ఆ సంగతి రాయకుండా పూర్తి మొత్తానికి చెక్కు వేస్తే 138 నిలబడదని 2022లో దశరథ్‌భాయ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ వాదనకు అది ఆసరా. అయినా చెక్కు వేసి, బౌన్సయి, నోటీసు వస్తే అందిన 15 రోజుల్లోపే జవాబు ఇప్పించండి. నోటీసు తీసుకోకుండా తిప్పి పంపడం అన్నిటికన్నా చెడ్డ ఆలోచన.

మీరు అడగలేదు గానీ, తొమ్మిదేళ్ల సర్వీసుకు స్కూలే మీకు బాకీ ఉంది. 2009 సవరణతో టీచర్లకూ గ్రాట్యుటీ వర్తిస్తుంది. ప్రైవేటు స్కూళ్లు దాన్ని సవాలు చేస్తే 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇప్పుడు గ్రాట్యుటీ సామాజిక భద్రతా కోడ్ కిందికి వచ్చినా, ఐదేళ్లు దాటిన పర్మినెంట్ ఉద్యోగి రాజీనామా చేసినా ఇవ్వాల్సిందే. మీ 32 వేలూ లెక్కకు వచ్చే జీతమే అనుకుంటే, 15ను 26తో భాగించి తొమ్మిదేళ్లకు హెచ్చిస్తే 1,66,154 రూపాయలు. బాండు బాకీ అంటూ దీన్ని ఆపుకోవడానికి వీల్లేదు. ఇవ్వకపోతే అసిస్టెంట్ లేబర్ కమిషనర్ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. న్యాయ సేవాధికార సంస్థలో రాజీకి కూర్చున్నప్పుడు ఈ అంకె మీ చేతిలో ఉంటే 3 లక్షల బేరం ఎలా దిగుతుందో మీరే చూస్తారు.

రాజీనామా మాత్రం వాట్సాప్‌లో ఇవ్వకండి. అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ఎన్ని రోజుల నోటీసు అని ఉందో చూసి, విద్యాసంవత్సరం చివరి పనిదినంతో ముగిసేలా తేదీ వేసి, రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ఆఫీసు ముద్ర, సంతకం వేయించుకోండి. వేయకపోతే అదే రోజు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అందులో బాండు ఊసు, కొత్త ఉద్యోగం ఊసు ఎత్తవద్దు. తేదీ, సర్వీసు కాలం, రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, గ్రాట్యుటీ ఇప్పించమన్న కోరిక, ఇవి చాలు.