ట్రెయిల్ షెల్టర్‌లో పడుకోవడానికి ఏం కొనాలి?

మేరీలాండ్‌కు కొత్తగా వచ్చిన తమ్ముడి సందేహం: ఆఫీసువాళ్లు అపలేచియన్ ట్రెయిల్ (జార్జియా నుంచి మెయిన్ దాకా సాగే కాలిబాట) మీద ఎడ్ గార్వీ షెల్టర్‌లో ఒక రాత్రి ఉందామంటున్నారు, రూమ్ బుక్ చెయ్యాలా, ఏమేం కొనాలి?

రూమూ లేదు, బుకింగూ లేదు. షెల్టరంటే చెక్క గోడలు, పైకప్పు, పడుకోవడానికి చెక్క నేల, అంతే. ముందొచ్చినవాళ్లకు చోటు, అద్దె సున్నా. ఇదే ట్రెయిల్ మీద దక్షిణాన స్మోకీ పర్వతాల వైపు వెళ్తే పర్మిట్, రుసుము ఉంటాయి, పార్కు వెబ్‌సైట్‌లో చూసుకో.

కొనడం దగ్గరే నా బాధంతా. వచ్చిన కొత్తలో క్రెడిట్ కార్డును జీతంలో భాగమనుకున్నవాణ్ని నేను. షాపులో కుర్రాడు చూపించిందల్లా కొన్నాను: బూట్లు, పెద్ద సంచి, గుడారం, ఆఖరికి మడత కుర్చీ. ఈ షెల్టర్‌కు వెళ్లే దారిలో వీవర్టన్ దగ్గర ఎక్కుడు మొదలయ్యేసరికే కొత్త బూట్లు కరిచాయి. పైన కప్పుంటే గుడారం ఎవడు వేస్తాడు? సంచిలోంచి తీయనే లేదు. మినిమమ్ పేమెంట్లు కడుతూ పోతే సంక్రాంతి దాటినా బాకీ తీరలేదు. ఆ డబ్బు ఇంటికి పంపితే నాన్న బోరు మోటారు బాగుచేయించుకునేవాడు.

షెల్టర్‌కు పేరు పెట్టిన ఆ గార్వీ ఎవరో అప్పుడు నాకు తెలీదు. 1970లో జార్జియా నుంచి మెయిన్ దాకా నడిచిన మనిషి. ఒకే విడతలో దారంతా నడిచానని చెప్పిన మొదటివాడు మాత్రం ఎర్ల్ షాఫర్, 1948లో, 124 రోజుల్లో. తోడు రావలసిన స్నేహితుడు రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ దీవి ఇవో జిమా దగ్గర పోయాడు, ఇతనొక్కడే బయల్దేరాడు. షాఫర్ పీటర్స్ కొండ మీద కట్టిన షెల్టర్‌ను విప్పి తెచ్చి, పెన్సిల్వేనియాలో పైన్ గ్రోవ్ ఫర్నెస్ దగ్గరున్న ట్రెయిల్ మ్యూజియంలో పెట్టారు. తప్పక చూడు.

ఖర్చు విషయంలో నా ఆదర్శం ఎమ్మా గేట్‌వుడ్. పదకొండు మంది పిల్లల తల్లి. 1955లో, 67 ఏళ్ల వయసులో, కాన్వాసు బూట్లు, తను కుట్టుకున్న గుడ్డ సంచి, వానకు షవర్ కర్టెన్‌తో దారంతా నడిచింది. మా అమ్మమ్మ బయల్దేరినా అచ్చం అలాగే బయల్దేరేది. మీ ఈ కాలం పిల్లలకు సాక్సు కూడా బ్రాండే కావాలి!

స్లీపింగ్ బ్యాగ్ ఎవరినైనా అరువడుగు, మొహమాటపడకు. అలవాటైన బూట్లే వేసుకో. పులిహోర పట్టుకెళ్లు, కానీ తల దగ్గర పెట్టుకుని పడుకోకు: ఎలుకలు వస్తాయి, ఎలుగుబంట్లున్న అడవి, తిండి ఎత్తున వేలాడదీయాలి. అక్కడ నీళ్లకు బాగా కిందికి దిగాలి, అందుకని సీసాలు ఇంట్లోనే నింపుకో. దారిలో గ్యాస్ స్టేషన్‌లో సీసా ధర రూపాయల్లోకి మార్చి చూసుకుంటే దాహం కూడా వెయ్యదు.