గగుర్పాటు భయానికేనా?

సందేహం: మా హైస్కూలు పిల్లలను రామప్ప గుడికి తీసుకువెళ్ళాం. తిరిగొచ్చాక బడి పత్రికలో అక్కడి స్త్రీ శిల్పాల గురించి రాస్తూ ‘మదనికలను చూడగానే ఒళ్ళు గగుర్పొడిచింది, కళ్ళలో ఆనందభాష్పాలు నిండాయి’ అన్నాను. తోటి టీచరు ఒకరు ‘దయ్యాన్ని చూస్తే గగుర్పొడుస్తుంది, శిల్పాన్ని చూస్తే పులకరిస్తుంది’ అని ఎర్ర సిరాతో కొట్టేశారు. నేను రాసింది తప్పా? పిల్లలేమో ‘గూస్‌బంప్స్ అనేస్తే పోలా మేడమ్’ అంటున్నారు. – ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ

సమాధానం: తప్పు కాదు. అయితే మీ తోటి టీచరుకు ఆ అనుమానం ఊరికే రాలేదు. ముందు మీ వైపు సాక్ష్యం చెబుతాను.

గగుర్పాటు అంటే ఒంటి మీది రోమాలు నిక్కబొడుచుకోవడం, అంతే. ఎందుకు నిక్కబొడుచుకున్నాయన్నది ఆ మాటలో లేదు. చలికైనా, భయానికైనా, మంచి పాటకైనా వెంట్రుక లేచే తీరు ఒక్కటే కదా. భరతుడి నాట్యశాస్త్రం ఎనిమిది సాత్త్విక భావాలు, అంటే మనసు కదిలినప్పుడు ఒంటి మీద కనిపించే గుర్తులు, చెప్పింది. అందులో రోమాంచం ఒకటి. దానికి కారణాలు చెబుతూ స్పర్శ, భయం, చలి, హర్షం, క్రోధం, రోగం అని ఆరింటినీ ఒకే వరసలో కూర్చోబెట్టింది. భయానికి వేరే పీట వెయ్యలేదు.

భగవద్గీత చూడండి. మొదటి అధ్యాయంలో బంధువులందరినీ ఎదురుగా చూసి అర్జునుడు కుంగిపోయి ‘రోమహర్షశ్చ జాయతే’ అంటాడు. పదకొండో అధ్యాయంలో విశ్వరూపం చూసి విస్మయంలో మునిగిన అదే అర్జునుణ్ణి ‘హృష్టరోమా’ అన్నారు. చివరికొచ్చేసరికి, ఈ సంభాషణంతా విన్న సంజయుడు అది ‘అద్భుతం రోమహర్షణమ్’ అని మురిసిపోతాడు. కుంగుబాటుకీ అదే మాట, అద్భుతానికీ అదే మాట.

ఆ రోమహర్షంలోని హర్షాన్ని మనం ఇప్పుడు సంతోషం అనుకుంటున్నాం. ‘హృష్’ ధాతువుకు నిక్కబొడుచుకోవడం అనే అర్థం కూడా ఉంది. దీని చుట్టం ఒకటి లాటిన్‌లో ఉంది. దానికీ వెంట్రుకలు లేచి నిలబడడమనే అర్థం, వణకడమనీ అర్థం. అందులోంచి వచ్చిందే ఇంగ్లీషు హారర్. అంటే మన హర్షమూ, మీ పిల్లలు రాత్రిపూట దుప్పటి సందులోంచి చూసే హారర్ సినిమా హారరూ దూరపు బంధువులే. ఒకటి పండగకి వెళ్ళింది, ఇంకొకటి శ్మశానానికి వెళ్ళింది.

ఇక మీ తోటి టీచరు వైపు. పేపర్లో ‘ఒళ్ళు గగుర్పొడిచే ప్రమాదం’, సర్కస్ గురించి ‘గగుర్పొడిచే విన్యాసాలు’ అని చదివి చదివి, ఆ మాటకు భయం వాసన పట్టేసింది. పులకరింతకు ఆ వాసన అంటలేదు. ‘దయ్యాన్ని చూసి పులకరించాడు’ అంటే నవ్వుతాం. కవులు పులకలను మొలకలతో పోల్చి పులకాంకురాలు అన్నారు. తొలకరికి నేల పులకరించింది అని మనం ఇప్పటికీ అంటాం. మొలకెత్తడంలో భయం ఏముంటుంది? జలదరింపు మాత్రం ఇంకా ఏ పక్షంలోనూ చేరలేదు. చన్నీళ్ళు పోసుకున్నా ఒళ్ళు జలదరిస్తుంది, శవాన్ని చూసినా జలదరిస్తుంది, గొప్ప ఆలాపన విన్నా జలదరిస్తుంది.

కాబట్టి ఈ రోజు పాఠకుడికి ‘గగుర్పొడిచింది’ దగ్గర అర క్షణం ఆగినట్టవుతుంది. ఆ అర క్షణం మీకు కావాలా వద్దా అన్నది మీ ఇష్టం. నన్నడిగితే రామప్ప మదనికలకు అది కావాలి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి చూరు కింద, నిగనిగలాడే నల్లరాతిలో ఏటవాలుగా నిలబడిన ఆ స్త్రీలలో ఒంటి మీద పాములున్న నాగిని కూడా ఉంది. ఆవిడ ముందు నిలబడి మెత్తగా పులకరించడం నా వల్ల కాలేదు.

మాటలో మాటగా, ‘రోమాంచితమైన మ్యాచ్’ అని రాస్తున్నారు. అది మాత్రం తప్పే. రోమాంచితం అయ్యేది చూసేవాడి ఒళ్ళు. మ్యాచ్‌కు వెంట్రుకలు ఉండవు. మ్యాచ్‌ను రోమాంచకం అనండి, గంభీరంగా కావాలంటే రోమహర్షణం అనండి.

శిల్పం ముందరైతే ఎలా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. అభిమానించే మనిషి ఎదురైనప్పుడు వస్తుంది అసలు టెన్షన్. చదువుకునే రోజుల్లో, పుస్తకాలు చదివి చదివి మనసులో గుడి కట్టుకున్న ఒక పండితుడు బస్టాండులో కనిపించారు. నాలుగేళ్ళుగా అడగాలనుకున్నవి నాలుగు ప్రశ్నలున్నాయి. దగ్గరికి వెళ్ళి ‘గుంటూరు బస్సు ఎన్నింటికండీ’ అని అడిగాను. ఆయన పాపం గడియారం చూసి చెప్పారు కూడా. కాళ్ళూ చేతులూ ఆడకపోతే స్తంభం, చెమటలు పడితే స్వేదం, గొంతు పూడుకుపోతే స్వరభేదం, వణుకు పుడితే వేపథువు. నాట్యశాస్త్రం లెక్కలో ఆ రోజు నేను ఎనిమిదింట సగం పాసయ్యాను. దీనికి తెలుగులో దివ్యమైన మాట ‘ఉబ్బితబ్బిబ్బు’. ఉబ్బడం సంతోషం, తబ్బిబ్బు తికమక. రెండూ ఒకేసారి జరుగుతాయని కనిపెట్టినవారెవరో గాని దండం పెట్టాలి.

‘మంత్రముగ్ధులయ్యారు’ అని సభల వార్తల్లో తరచు వస్తుంది. ముగ్ధ, మూఢ అన్నవి రెండూ ‘ముహ్’ అనే ఒక్క ధాతువుకే పుట్టిన తోబుట్టువులు. మోహమూ వాటి ఇంటిదే. సభలో ముగ్ధులైనవాళ్ళు కాసేపు మూఢులైనట్టే లెక్క. నా బస్సు ప్రశ్నే సాక్షి.

పొంగిపోవడం గురించి రాసేటప్పుడు ఈమధ్య అందరూ ‘భావోద్వేగానికి లోనయ్యారు’ అంటున్నారు. పెళ్ళికీ అదే, సంతాప సభకూ అదే. ఉద్వేగం అంటే అసలు కలత. దుఃఖాల్లో మనసు కలత పడనివాడు అనే అర్థంలో గీత ‘దుఃఖేష్వనుద్విగ్నమనాః’ అన్నచోట ఉన్నది ఆ కలతే. వాడుక మారిందని ఒప్పుకుంటాను గాని, ముప్పిరిగొనడం అనే మాట ఇంట్లో పెట్టుకుని దాన్ని అరువు తెచ్చుకోవడం నాకు నచ్చదు. పిరి అంటే తాడులోని పేట. మూడు పేటలు కలిపి పేనితే ముప్పిరి. లోపలి భావం అలా పేనుకుని బలపడడమే ముప్పిరిగొనడం. మహానుభావులందరికీ వందనాలు చెప్పిన కీర్తనలో త్యాగయ్య ‘ప్రేమ ముప్పిరిగొను వేళ’ అన్నారు. శిల్పం ముందు మీకు ఆనందం ముప్పిరిగొంది అని రాసి చూడండి.

పిల్లల గూస్‌బంప్స్ సంగతి. ఈకలు పీకిన పెద్దబాతు చర్మాన్ని చూసి పుట్టిన మాట అది. కోడి ఈకలు పీకడం చూసినవాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మాట్లాడేటప్పుడు అననివ్వండి. పత్రికలో రాసేటప్పుడు మాత్రం, పైన చెప్పుకున్న ఇన్ని మాటల్లో తమకు ఏది సరిపోతుందో వాళ్ళనే వెతుక్కోమనండి.

ఎర్ర సిరా పడాల్సిన చోట పడలేదు. మీ ‘ఆనందభాష్పాలు’లో ఒత్తు ఉండకూడదు. అది బాష్పం. ప్రహ్లాదుణ్ణి వర్ణిస్తూ పోతన ‘బాష్పసలిల మిళితపులకుఁడై’ అని కన్నీళ్ళనూ పులకలనూ ఒకే సమాసంలో కలిపాడు. భాషకు అలవాటుపడిన చెయ్యి బాష్పానికి కూడా ఒత్తు పెట్టేస్తుంది. ఆ ఒక్క ‘భా’ దిద్ది, గగుర్పాటును ఉన్నచోటే ఉంచండి.